0.099: తుపాకీ మోగాకే కదిలినా ఫాల్స్ స్టార్ట్ ఎలా అయింది?

క్లుప్తంగా: 2022 ప్రపంచ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్‌లో పురుషుల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. అమెరికా హర్డ్లర్ డెవన్ అలెన్ ఒక్క హర్డిల్ కూడా దాటకుండానే ట్రాక్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. తుపాకీ మోగిన 0.099 సెకన్లకే అతను బ్లాక్‌ను (స్టార్ట్‌లో పాదాలు ఆనించి తోసే దిమ్మెను) నెట్టాడని యంత్రం చెప్పింది. నియమం ప్రకారం 0.100 సెకన్ల కంటే ముందు ఏ కదలిక నమోదైనా ఫాల్స్ స్టార్టే, అంటే ముందే బయల్దేరినట్టే లెక్క. మనిషి అంతకంటే వేగంగా స్పందించలేడన్న అంచనా మీద ఆ గీత గీశారు. ఆ అంచనా ఎంత గట్టిది, యంత్రం అసలు కొలిచేది ఏమిటి, తీర్పును పరుగు తర్వాతకి వాయిదా వేసే వీలుందా అన్నవే ఇక్కడ చర్చించే ప్రశ్నలు.

హేవార్డ్ ఫీల్డ్‌లో ఆ ఆదివారం

2022 జులై 17 సాయంత్రం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, యూజీన్ పట్టణం, హేవార్డ్ ఫీల్డ్. ప్రపంచ చాంపియన్‌షిప్స్ అమెరికా గడ్డ మీద జరగడం అదే మొదటిసారి. పైగా ఆ మైదానం యూనివర్సిటీ ఆఫ్ ఒరెగాన్‌ది. అలెన్ చదువుకున్నది, హర్డిల్స్‌లో పేరు తెచ్చుకున్నది, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడింది అన్నీ అక్కడే. ఆ ఏడాది ఏప్రిల్‌లో అతను ఫిలడెల్ఫియా ఈగల్స్ ఫుట్‌బాల్ జట్టుతో ఒప్పందం చేసుకున్నాడు. ఈ పోటీలు ముగియగానే ఆ జట్టు శిబిరానికి వెళ్లాలి. అందుకే ఈ ఫైనల్ మీద మామూలు కంటే ఎక్కువ ఆసక్తి నెలకొంది.

ఆసక్తికి మరో కారణం అతని ఫామ్. నెల ముందు న్యూయార్క్‌లో అతను 12.84 సెకన్లలో పరుగు ముగించాడు. అప్పటికి చరిత్రలో అంతకంటే వేగంగా పరిగెత్తినవారు ఇద్దరే: 2012లో 12.80తో ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఏరీస్ మెరిట్, 2021లో 12.81 నమోదు చేసిన గ్రాంట్ హోలోవే. ఆ హోలోవే కూడా ఇదే ఫైనల్లో ఉన్నాడు. టోక్యో ఒలింపిక్స్ విజేత, జమైకాకు చెందిన హాన్‌స్లీ పార్చ్‌మెంట్ కూడా ఉండాల్సింది. కానీ వార్మప్‌లో హర్డిల్‌కు తగిలి గాయపడటంతో పరుగుకు ముందే తప్పుకున్నాడు.

తుపాకీ మోగింది. హర్డ్లర్లు బ్లాక్స్ వదిలారు. వెంటనే వెనక్కి పిలిచే తుపాకీ మోగింది. కాసేపటికి అధికారి వచ్చి అలెన్ ముందు అనర్హతను సూచించే ఎరుపు, నలుపు రంగుల కార్డు ఎత్తాడు. అతను నమ్మలేకపోయాడు, అధికారులతో వాదించాడు, ప్రేక్షకులు గోల చేశారు. చివరికి అతను ట్రాక్ వదిలి వెళ్లాడు. మిగిలినవారితో మళ్లీ స్టార్ట్ ఇచ్చారు. హోలోవే 13.03తో స్వర్ణం, ట్రే కనింగ్‌హామ్ 13.08తో రజతం, స్పెయిన్‌కు చెందిన అసియెర్ మార్టినెజ్ 13.17తో కాంస్యం గెలిచారు.

టీవీలో చూసినవారికి అర్థం కానిది ఒక్కటే. రీప్లేలో అలెన్ తుపాకీ కంటే ముందు కదిలినట్టు ఎక్కడా కనిపించదు. ఎందుకంటే అతను ముందు కదల్లేదు. మోగిన తర్వాతే కదిలాడు. ఆ మాట యంత్రమే చెబుతోంది.

మోగాక కదిలితే ముందే కదిలినట్టు ఎలా లెక్క?

ఫాల్స్ స్టార్ట్‌లు రెండు రకాలు. మొదటిది అందరికీ తెలిసింది: తుపాకీ మోగకముందే రన్నర్ లేచిపోవడం. 2011లో దక్షిణ కొరియాలోని దేగు ప్రపంచ చాంపియన్‌షిప్స్ 100 మీటర్ల ఫైనల్లో ఉసేన్ బోల్ట్ చేసింది అదే. దాన్ని పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. మైదానంలో ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపించింది.

రెండోది కంటికి కనిపించదు. తుపాకీ మోగిన తర్వాత, కానీ మనిషి స్పందించడానికి కనీసం పట్టాల్సిన సమయం గడవకముందే కదలడం. దీని వెనుక తర్కం సూటిగానే ఉంటుంది. శబ్దం చెవిలో పడాలి. అక్కడి నుంచి నాడీ సంకేతం మెదడుకు చేరాలి. మెదడు నుంచి వెన్నుపాము ద్వారా కాళ్ల కండరాలకు ఆదేశం అందాలి. ఆదేశం అందిన కండరం బిగిసి, ఆ బలం పాదం గుండా బ్లాక్ మీద పడాలి. దీనికంతటికీ కొంత సమయం తప్పదు. ఆ సమయం కంటే ముందే బ్లాక్ మీద బలం పడిందంటే, ఆదేశం తుపాకీ మోగకముందే బయల్దేరిందని అర్థం. అంటే రన్నర్ శబ్దం విని లేవలేదు, ఇప్పుడు మోగుతుందని ఊహించి లేచాడు. ఊహ కలిసొచ్చింది కాబట్టి కంటికి సవ్యంగా కనిపించింది.

ఊహించి లేవడాన్ని అనుమతిస్తే స్ప్రింట్లు, హర్డిల్స్ జూదమైపోతాయి. కాబట్టి ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య ఆ గీతను 0.100 సెకన్ల దగ్గర గీసింది. సరిగ్గా 0.100 వస్తే చెల్లుతుంది, 0.099 వస్తే చెల్లదు. సమాఖ్య ఆమోదించిన స్టార్ట్ యంత్రం వాడుతున్నప్పుడు దాని సాక్ష్యాన్నే సాధారణంగా తుది సాక్ష్యంగా తీసుకోవాలని స్టార్ట్‌కు సంబంధించిన నియమం చెబుతోంది. యూజీన్‌లో అధికారులు ఆ నియమాన్ని అక్షరాలా పాటించారు. వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. సందేహించాల్సింది ఆ అంకెను.

హర్డిల్స్‌లో స్టార్ట్ బరువు

110 మీటర్ల హర్డిల్స్‌లో 10 హర్డిల్స్ ఉంటాయి. ఒక్కోటి 1.067 మీటర్ల ఎత్తు. స్టార్ట్ గీత నుంచి మొదటి హర్డిల్‌కు 13.72 మీటర్లు, ఆ తర్వాత ప్రతి రెండింటి మధ్య 9.14 మీటర్లు. మధ్యలో పడేవి మూడు అంగలే. అంగల లెక్క తప్పితే దాన్ని సరిదిద్దుకునే చోటు ఎక్కడా ఉండదు. మొదటి హర్డిల్‌కు ఒకప్పుడు 8 అంగలు వేసేవారు, ఇప్పుడు మేటి హర్డ్లర్లలో చాలామంది 7తోనే చేరుకుంటున్నారు. 7 అంగలతో ఆ దూరం అందుకోవాలంటే బ్లాక్ నుంచి వచ్చే తోపు చాలా బలంగా ఉండాలి.

అందుకే మేటి హర్డ్లర్ తుపాకీకి ముందు స్టార్టర్ పలికే ‘సెట్’ అన్న మాట వినగానే మొదటి హర్డిల్ దాకా చేయాల్సిన కదలికనంతా మనసులో సిద్ధం చేసి పెట్టుకుంటాడు. శబ్దం పడగానే ఆలోచించి నిర్ణయించాల్సిందేమీ మిగలదు, సిద్ధంగా ఉన్నదాన్ని విడుదల చేయడమే. ఇలా ముందే సిద్ధమైన కదలిక మీద పెద్ద శబ్దం పడితే స్పందన మామూలు కంటే వేగంగా వస్తుందని ప్రయోగాల్లో తేలింది. శబ్దం ఎంత గట్టిగా ఉంటే స్పందన అంత త్వరగా వస్తుంది. ఇది మోసం కాదు, శరీర ధర్మం. సాధనతో ఇంకా పదునెక్కే ధర్మం.

బ్లాక్ నిజంగా కొలిచేది ఏమిటి?

తెర మీద ‘రియాక్షన్ టైమ్’ అని కనిపించే అంకె మెదడు స్పందించిన క్షణాన్ని సూచించదు. కండరం బిగిసిన క్షణాన్నీ సూచించదు. బ్లాక్ మీద పడే బలంలో మార్పు, యంత్రంలో ముందే పెట్టిన ఒక హద్దును దాటిన క్షణం అది. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే చర్చ తరచూ పక్కదారి పడుతుంది.

‘సెట్’ భంగిమలో ఉన్న రన్నర్ అప్పటికే బ్లాక్‌ను కొంత నొక్కి ఉంచుతాడు. తోపు మొదలైనప్పుడు ఆ బలం ఒక్కసారిగా శిఖరానికి చేరదు, మెల్లగా మొదలై వేగంగా పెరుగుతుంది. హద్దును కింద పెడితే కదలిక తొందరగా నమోదవుతుంది, పైన పెడితే ఆలస్యంగా నమోదవుతుంది. రన్నర్ ఒకడే, కదలిక ఒకటే, అయినా రెండు యంత్రాలు రెండు అంకెలు చూపగలవు. తయారీ సంస్థను బట్టి గుర్తించే పద్ధతి కూడా మారుతుంది. కొన్ని యంత్రాలు బలాన్ని చూస్తాయి, కొన్ని బ్లాక్ కుదుపును చూస్తాయి.

శబ్దం సంగతి కూడా ఉంది. ఒకప్పుడు స్టార్టర్ చేతిలోని తుపాకీకి దగ్గరగా ఉన్న లేన్‌కు శబ్దం ముందుగా, గట్టిగా వినిపించేది. ఆ తేడా పోగొట్టడానికి ప్రతి లేన్‌లో బ్లాక్ వెనుక స్పీకర్ పెట్టడం మొదలైంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే సెకనులో వెయ్యో వంతులో 34 సెంటీమీటర్లు. అలెన్ గీతను తప్పింది సరిగ్గా ఆ వెయ్యో వంతుతోనే. స్పీకర్ నుంచి చెవికి మధ్య దూరంలో మూరెడు కంటే తక్కువ తేడా కూడా అంత సమయాన్ని మార్చగలదు. యూజీన్‌లో స్పీకర్లు తప్పుగా పెట్టారని దీని అర్థం కాదు. వెయ్యో వంతు దగ్గర తీర్పు చెప్పేటప్పుడు ఎన్ని చిన్న విషయాలు ఆ అంకెలో కలిసిపోయి ఉంటాయో చూపడానికే ఈ లెక్క.

యూజీన్‌లో ఇంకో సందేహం కూడా తలెత్తింది. ఆ పోటీల్లో రియాక్షన్ టైమ్‌లు మొత్తంగానే అంతకుముందు ప్రపంచ చాంపియన్‌షిప్స్ కంటే తక్కువగా నమోదయ్యాయని గణాంకాలు పరిశీలించినవారు ఎత్తిచూపారు. అలెన్‌కే సెమీఫైనల్లో 0.101 వచ్చింది. మహిళల 100 మీటర్ల సెమీఫైనల్లో సెయింట్ లూసియా స్ప్రింటర్ జూలియన్ ఆల్‌ఫ్రెడ్ ఫాల్స్ స్టార్ట్‌తో వెనుదిరిగింది. రెండేళ్ల తర్వాత పారిస్‌లో ఆమే ఒలింపిక్ 100 మీటర్ల విజేత. అందరి అంకెలూ ఒకే దిశలో జరిగినప్పుడు, అథ్లెట్లంతా ఒక్కసారిగా చురుకయ్యారని అనుకోవడం కంటే కొలత జరిగిన తీరును పరిశీలించడం సబబు. యంత్రం తప్పని దీనితో రుజువు కాదు. కానీ అంకెలు కాస్త కిందకి జరిగినా 0.100 గీత మాత్రం అక్కడే ఉంటుంది. దెబ్బ తగిలేది గీతకు అతి దగ్గరగా స్పందించేవారికే.

0.100 ఎక్కడి నుంచి వచ్చింది, నిలబడుతుందా?

ఈ ప్రశ్న యూజీన్‌తో పుట్టలేదు. ప్రపంచ సమాఖ్యే చేయించిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. ఫిన్లాండ్‌కు చెందిన పావో కోమి బృందం స్ప్రింటర్ల కండరాల్లోని విద్యుత్ సంకేతాలను, బ్లాక్ మీది బలాన్ని కలిపి కొలిచింది. 0.100 గీతను 0.080 లేదా 0.085 సెకన్లకు తగ్గించాలని సిఫారసు చేసింది. అత్యంత వేగంగా చిత్రించే కెమెరాలతో స్టార్ట్‌ను పరిశీలించాలని కూడా సూచించింది. అంతకు రెండేళ్ల ముందు బ్రిటన్ పరిశోధకులు కూడా, శబ్దం విని స్పందించడానికి శరీరానికి 0.085 సెకన్ల కంటే తక్కువే పట్టవచ్చని తేల్చారు.

ఇక్కడితో ఆపితే అలెన్‌కు అన్యాయం జరిగిందని తేలిగ్గా రాసేయవచ్చు. కానీ మరోవైపు చూపే అధ్యయనమూ ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన 425 మంది స్ప్రింటర్ల రియాక్షన్ టైమ్‌లను అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు విశ్లేషించి 2011లో ప్రచురించారు. వారి గణాంకాల ప్రకారం పురుషులు 0.109 సెకన్లకు, మహిళలు 0.121 సెకన్లకు తగ్గడం దాదాపు అసాధ్యం. ఈ లెక్కన 0.100 గీత కఠినం కాదు సరికదా, ఉదారంగానే ఉంది.

రెండూ ఎలా నిజమవుతాయి? ప్రయోగశాల పరిశోధకులు చూసింది శరీరాన్ని. బీజింగ్ అంకెలను విశ్లేషించినవారు చూసింది, ఒక ప్రత్యేక యంత్రం తన హద్దుతో నమోదు చేసిన సమయాలను. ఆ మిషిగన్ బృందమే ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. స్త్రీ పురుషుల మధ్య కనిపించిన వ్యత్యాసానికి కారణం నాడీ వేగంలో తేడా కాకపోవచ్చని, ఇద్దరికీ ఒకే బల హద్దు పెట్టడం వల్ల వచ్చి ఉండవచ్చని, మహిళలకు ఆ హద్దును 22 శాతం తగ్గిస్తే ఇద్దరి సమయాలూ దాదాపు సమానమవుతాయని అంచనా వేసింది. అంటే ఆ యంత్రం మీద ఒక మహిళ 0.02 సెకన్లు ముందే కదిలినా పట్టుబడే అవకాశం ఉండేది కాదు.

ఈ రెండు రకాల పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సమస్య బయటపడుతుంది. మనిషి శరీరానికి ఒక కనీస సమయం ఉంది, యంత్రానికి ఒక గుర్తింపు హద్దు ఉంది. ఈ రెండో దాన్ని నిర్దిష్టంగా చెప్పకుండా మొదటిదాని గురించి 0.100 అని ఒక్క అంకె చెప్పడం అసంపూర్ణమే. ఏ యంత్రం మీద, ఏ హద్దుతో, ఎంత గట్టి శబ్దంతో అన్న వివరాలు లేకపోతే 0.099కీ 0.101కీ మధ్య తేడాకు అర్థం చెప్పడం కష్టం.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. దీని గురించి చర్చ తక్కువగా జరుగుతుంది. సహజంగా 0.150 దగ్గర స్పందించే రన్నర్ ఒకడున్నాడనుకుందాం. అతను శబ్దాన్ని ఊహించి 0.04 సెకన్లు ముందుగా కదిలితే తెర మీద 0.110 పడుతుంది. చెల్లుతుంది. సహజంగానే 0.105 దగ్గర స్పందించే రన్నర్ నిజాయితీగా శబ్దం విని కదిలినా, రోజూవారీ హెచ్చుతగ్గుల్లో ఎప్పుడో ఒకసారి 0.099 పడవచ్చు. చెల్లదు. జూదగాడిని ఆపడానికి పెట్టిన గీత కొందరు జూదగాళ్లను వదిలేసి, కొందరు చురుకైనవారిని పట్టుకుంటోంది. అలెన్ ఈ రెండో కోవకు చెందినవాడని ఖాయంగా చెప్పలేం. కానీ సెమీఫైనల్లో 0.101, ఫైనల్లో 0.099 రావడం ఆ దిశగానే చూపుతోంది. వరుసగా రెండుసార్లు ఊహ అంత కచ్చితంగా కుదరడం అరుదు. స్టార్టర్ ‘సెట్’ తర్వాత ఆగే సమయాన్ని మారుస్తూ ఉండేది కూడా అలాంటి ఊహ కుదరకూడదనే.

వేగంగా స్పందిస్తేనే గెలుస్తారన్నదీ అపోహే. 2009 బెర్లిన్‌లో బోల్ట్ 9.58 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పినప్పుడు అతని రియాక్షన్ టైమ్ 0.146. 2012 లండన్ ఒలింపిక్ ఫైనల్లో 0.165. వెయ్యో వంతు కోసం పతకాన్ని పణంగా పెట్టడంలో లాభం చాలా స్వల్పం. గీతకు అంత దగ్గరగా వెళ్లడం రన్నర్ ఎంచుకున్న ఎత్తుగడ అయ్యే అవకాశం తక్కువని కూడా దీన్ని బట్టి చెప్పవచ్చు.

ఒక్క తప్పుకే వేటు: ఎలా వచ్చింది?

2003కు ముందు ప్రతి రన్నర్‌కూ ఒక ఫాల్స్ స్టార్ట్ మన్నించేవారు, రెండోది చేస్తే బయటికి పంపేవారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ 100 మీటర్ల ఫైనల్లో బ్రిటన్ స్ప్రింటర్ లిన్‌ఫోర్డ్ క్రిస్టీ అలాగే వెనుదిరిగాడు. అతని రెండో స్టార్ట్‌లో యంత్రం చూపింది 0.086. తుపాకీ తర్వాతే కదిలానని అతనూ వాదించాడు.

2003 నుంచి నియమం మారింది. మొదటి ఫాల్స్ స్టార్ట్ ఎవరు చేసినా అది అందరి ఖాతాలో పడేది, ఆ తర్వాత ఎవరు చేసినా అవుట్. ఆ ఏడాది పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో అమెరికా స్ప్రింటర్ జాన్ డ్రమండ్ తాను కదల్లేదంటూ ట్రాక్ మీదే పడుకుని నిరసన తెలిపిన దృశ్యం ఆ నియమం తెచ్చిన తలనొప్పికి గుర్తుగా మిగిలింది. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి. స్టార్ట్‌లో నిదానంగా ఉండేవారు కావాలనే మొదటి ఫాల్స్ స్టార్ట్ చేసి, చురుకైనవారిని భయపెట్టే వీలు ఏర్పడింది. పదే పదే ఆగే స్టార్ట్‌లతో ప్రసార సమయం దెబ్బతినడం ఇంకో సమస్య.

అందుకే 2009 ఆగస్టులో బెర్లిన్‌లో జరిగిన సమాఖ్య మహాసభ మన్నింపును పూర్తిగా తొలగించింది. 2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే వేటు. డెకాథ్లాన్ వంటి బహుళ అంశాల పోటీలకు మాత్రమే మినహాయింపు. ఎత్తుగడలు ఆగాయి, పోటీలు సమయానికి సాగాయి. ఆ మేరకు నియమం ఫలించింది.

కానీ ఈ మార్పు 0.100 గీత స్వభావాన్నే మార్చేసింది. మన్నింపు ఉన్న రోజుల్లో గీత కాస్త అటూ ఇటూ అయినా నష్టం ఒక హెచ్చరికే. మన్నింపు పోయాక అదే గీత ఏళ్ల సాధన మీద తీర్పు చెప్పేదైంది. శిక్ష పెరిగినప్పుడు కొలతలో కచ్చితత్వం కూడా ఆ మేరకు పెరగాలి. కోమి బృందం సిఫారసు వచ్చిన ఏడాదిలోనే వేటు నియమం ఆమోదం పొందింది, సిఫారసు మాత్రం పక్కనే ఉండిపోయింది.

పరుగు తర్వాత తీర్పు: దేగు, హాంగ్‌జౌ

ముందే వేటు వేయకుండా పరుగెత్తనిచ్చి, ఆధారాలు చూసి తర్వాత తేల్చిన సందర్భాలు హర్డిల్స్‌లోనే ఉన్నాయి.

2011 దేగులో పురుషుల 110 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో క్యూబాకు చెందిన డైరాన్ రోబ్లెస్ 13.14తో ముందుగా గీత దాటాడు. పక్క లేన్‌లోని చైనా హర్డ్లర్ లియు షియాంగ్ చేతికి అతని చెయ్యి తగిలిందని చైనా బృందం ఫిర్యాదు చేసింది. అధికారులు వీడియో చూసి రోబ్లెస్‌ను అనర్హుడిగా ప్రకటించారు. స్వర్ణం 13.16తో వచ్చిన అమెరికా హర్డ్లర్ జేసన్ రిచర్డ్‌సన్‌కు, రజతం లియు షియాంగ్‌కు దక్కాయి. ఆ తీర్పు కొందరికి నచ్చలేదు. అయినా దానికి ఆధారం అందరూ చూడగలిగే దృశ్యం.

రెండో సందర్భం తెలుగువారికి బాగా గుర్తుండేదే. 2023 అక్టోబర్ 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. విశాఖపట్నం హర్డ్లర్ జ్యోతి యర్రాజి పక్క లేన్‌లో చైనాకు చెందిన వూ యన్ని తుపాకీకి ముందే లేచింది. ఆ కదలికకు జ్యోతి కూడా లేచింది. మొదట జ్యోతి మీద కూడా వేటు పడబోయింది. ఆమె అక్కడికక్కడే అభ్యంతరం చెప్పింది. అధికారులు రీప్లేలు చూసి, చాలాసేపు చర్చించి, చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. చైనాకే చెందిన లిన్ యువెయ్ మొదటి స్థానంలో, వూ యన్ని రెండో స్థానంలో, జ్యోతి 12.91తో మూడో స్థానంలో నిలిచారు. తర్వాత వూ యన్నిని అనర్హురాలిగా ప్రకటించడంతో జ్యోతికి రజతం దక్కింది.

జ్యోతిని కాపాడిన సూత్రం నియమావళిలోనే ఉంది. ఒకరు ముందు కదిలితే పక్కవారు ఆ వెంటే కదలడం సహజం కాబట్టి, ఫాల్స్ స్టార్ట్‌కు అసలు కారకులైనవారినే శిక్షించాలని నియమావళిలోని వివరణ స్టార్టర్‌కు సూచిస్తుంది. అక్కడ నిర్ణయం తీసుకున్నది మనుషులు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నది చూసి, కారణం ఆలోచించి, తప్పు సరిదిద్దుకోగలిగారు. యూజీన్‌లో అలా ఆలోచించే చోటే లేదు. నిరసన తెలిపి పరుగెత్తే వెసులుబాటు అప్పటి నియమాల్లో ఉన్నా, ఆమోదించిన యంత్రం ఫాల్స్ స్టార్ట్ చూపినప్పుడు, ఆ సమాచారం స్పష్టంగా తప్పని రిఫరీకి అనిపిస్తే తప్ప అది వర్తించేది కాదు. 0.099ని ‘స్పష్టంగా తప్పు’ అనే ధైర్యం ఏ రిఫరీకీ ఉండదు, ఉండకూడదు కూడా. అది తప్పని ఎవరూ చెప్పలేరు. ఒప్పని కూడా అంతే గట్టిగా చెప్పలేరన్నదే ఇబ్బంది.

క్రికెట్ ఇలాంటి ఇబ్బందిని ఎదుర్కొన్న తీరు గమనించదగ్గది. ఎల్బీడబ్ల్యూ సమీక్షలో బంతి సగం కంటే తక్కువ భాగం వికెట్లకు తగులుతుందని తెర చూపితే, మైదానంలో అంపైర్ ఇచ్చిన నిర్ణయమే నిలుస్తుంది. బంతి దారిని యంత్రం అంచనా వేస్తోందని, ఆ అంచనాలో కొంత అనిశ్చితి ఉంటుందని ఆట ఒప్పుకుని, దాన్ని నియమంగానే రాసుకుంది. 2022లో అథ్లెటిక్స్ స్టార్ట్‌కు అలాంటి మధ్య పట్టీ లేదు. గీతకు ఇవతల అంతా తప్పు, అవతల అంతా ఒప్పు.

గీతను కదిపితే

మూడు దారులు చర్చలో ఉన్నాయి. మొదటిది 0.100 గీతను 0.080 లేదా 0.085కు తగ్గించడం. శాస్త్రీయ ఆధారం దీనికి ఉంది. కానీ ఊహించి లేచే వారికి అదనంగా 0.015 నుంచి 0.020 సెకన్ల చోటు దొరుకుతుంది. ఇప్పుడు 0.099 మీద వచ్చే వివాదం అప్పుడు 0.079 మీద వస్తుంది. కాకపోతే నిజాయితీగా శబ్దం విని కదిలినవారు ఆ గీతను తాకే అవకాశం చాలా తగ్గుతుంది. శిక్ష ఇంత పెద్దదైనప్పుడు ఆ తేడా చిన్నది కాదు.

రెండోది యంత్రాలన్నిటికీ ఒకే గుర్తింపు పద్ధతి, ఒకే శబ్ద తీవ్రత నిర్దేశించడం. నిజానికి ఇది మొదట జరగాల్సిన పని. ఇది లేకుండా ఏ అంకె పెట్టినా, టోక్యోలో 0.103 వచ్చే కదలిక యూజీన్‌లో 0.099 కావచ్చన్న అనుమానం పోదు. ఖర్చు, తయారీ సంస్థల మధ్య పోటీ ఇందుకు అడ్డు. మహిళలకు, పురుషులకు వేర్వేరు బల హద్దులు పెట్టాలా అన్న ప్రశ్న కూడా ఇందులోనే తేలాలి.

మూడోది మధ్య పట్టీ. ఉదాహరణకు 0.080కి దిగువన యంత్రం మాటే చివరిది. 0.080 నుంచి 0.099 వరకు వస్తే రన్నర్‌ను పరుగెత్తనివ్వాలి, బ్లాక్ మీది బలం పెరిగిన తీరును చూపే గ్రాఫ్‌ను, వీడియోను పరుగు తర్వాత నిపుణులు పరిశీలించాలి. మూడింటిలో న్యాయానికి దగ్గరగా ఉన్నది ఇదే. చిక్కులూ దీనికే ఎక్కువ. హర్డిల్స్‌లో పక్క లేన్‌లో ఎవరు ఎక్కడ ఉన్నారన్నది లయ మీద ప్రభావం చూపుతుంది. తర్వాత అనర్హుడయ్యే వ్యక్తి పరుగులో ఉండటం వల్ల ఇతరులకు నష్టం జరగవచ్చు. రోబ్లెస్ విషయంలోలా గీత దాటి సంబరం చేసుకున్న మనిషి నుంచి పతకం వెనక్కి తీసుకోవాల్సి రావచ్చు. హాంగ్‌జౌలో ఆటగాళ్లు చాలాసేపు నిలబడాల్సి వచ్చినట్టు, చర్చలకు సమయం పట్టవచ్చు.

ఈలోగా మార్పు ట్రాక్ మీద మరో రూపంలో జరుగుతోంది. గీతకు దగ్గరగా స్పందించే అథ్లెట్లు శబ్దం విన్నాక ఒక క్షణం తమను తాము ఆపుకోవడం నేర్చుకోవాల్సి వస్తోంది. స్పందన వేగాన్ని పెంచడానికి ఏళ్ల తరబడి చేసిన సాధనను స్టార్ట్ గీత దగ్గర కాస్త తగ్గించుకోవాలి. ఎంత తగ్గించుకోవాలో మాత్రం వారికి తెలిసే దారి లేదు. సాధనలో వాడే బ్లాక్‌లు, చాంపియన్‌షిప్‌లో ఎదురయ్యే బ్లాక్‌లు ఒకే అంకె చూపుతాయన్న హామీ ఎవరూ ఇవ్వడం లేదు.